పెట్రోలు గొట్టం మీద బట్టల క్లిప్పులు

రియాద్‌లో మా వర్క్‌షాప్ సనాయియాలో ఉంది. మెకానిక్ షెడ్లు, టైర్ల దుకాణాలు, రంగులు వేసేవాళ్ళు, అద్దాలు బిగించేవాళ్ళు అందరూ ఒకేచోట ఉండే పేట అది. నేను అక్కడికి వచ్చేసరికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. అంతకుముందు కోరుట్ల బస్టాండు వెనక ఒక షెడ్డులో జీపులు, ట్రాక్టర్లు బాగుచేసేవాణ్ణి. పని వచ్చు అనే ధైర్యంతోనే విమానం ఎక్కాను.

ఇక్కడికి వచ్చాక తెలిసింది, నాకు వచ్చిన పనితో ఇక్కడ పని లేదని. కారు వస్తే ముందు దానికి ఒక వైరు తగిలించి కంప్యూటర్ చూస్తారు. ఏ పార్టు పోయిందో కంప్యూటరే చెబుతుంది. ఆ పార్టు తీసి కొత్తది వేయడమే మన పని. మొదటి రెండేళ్ళు నేను బ్రేకు ప్యాడ్లు మార్చాను, ఆయిలు మార్చాను. ఇంజిన్ శబ్దం విని జబ్బు చెప్పగలనని ఎవరికైనా చెబితే నవ్వుతారని ఊరుకున్నాను.

ఆ తరవాత ఒక వేసవిలో, కార్లు మోసే లారీ మీద ఒక పాత అమెరికన్ కారు వచ్చింది. రెండే తలుపులు, పడవంత ముక్కు, ముదురాకుపచ్చ రంగు. ఎండకు బానెట్ మీద రంగు పాలిపోయి బూడిద పట్టినట్టుంది. బానెట్ ఎత్తితే లోపల ఎనిమిది సిలిండర్ల ఇంజిను, దాని నెత్తిన కార్బురేటర్. కంప్యూటర్ వైరు తగిలించడానికి ఎక్కడా చోటు లేదు. షెడ్డులో ఉన్న కుర్రవాళ్ళంతా చుట్టూ చేరి ఫొటోలు తీసుకున్నారు గానీ ఎవరూ చెయ్యి పెట్టలేదు. నాకు మాత్రం ఆ కార్బురేటర్ వాసన తగలగానే కోరుట్ల షెడ్డు గుర్తొచ్చింది. ముందుకు వెళ్ళి, మూత విప్పి లోపలికి చూశాను.

ఆ కారు యజమాని అరవై అయిదేళ్ళ పెద్దమనిషి. స్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మా కఫీల్‌కు, అంటే నాకు వీసా ఇచ్చిన షెడ్డు యజమానికి, దూరపు చుట్టం. నేనాయన్ను బాబా అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను ముహందిస్ అనేవాడు. ఇంజినీరు అని దాని అర్థం. ఇక్కడ మెకానిక్‌ని గౌరవంగా అలాగే పిలుస్తారు. మా మాటలన్నీ అరబ్బీలోనే. నాది షెడ్డులో నేర్చుకున్న అరబ్బీ, పానాలు, స్క్రూలు దాటి పెద్దగా పోదు. అందుకని ఆయన నాతో చిన్న చిన్న మాటలతో, మెల్లగా, బడిపిల్లలకు చెప్పినట్టు మాట్లాడేవాడు.

"ఇరవై నిమిషాలు బాగా నడుస్తుంది. తరవాత ఆగిపోతుంది. గంట ఆగితే మళ్ళీ నడుస్తుంది. ముగ్గురు మెకానిక్‌లు చూశారు" అన్నాడు.

"ఎండకాలంలనేనా బాబా, చలికాలం గూడనా?" అని అడిగాను.

ఆయన నా వైపు కొత్తగా చూశాడు. "ఎండాకాలంలోనే. ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు" అన్నాడు.

అంతే, ఆ రోజు నుంచి ఆ కారు నాకు దఖలు పడింది. కఫీల్ ఒప్పుకోవడంతో శనివారం పొద్దున పూట నేను బాబా ఇంటికే వెళ్ళి పని చేసేవాణ్ణి. ఇంటి ప్రహరీ లోపల రేకుల నీడలో కారు ఉండేది. ఆ ఇంట్లో పనిచేసే ఆవిడది కడప వైపు. వచ్చి తొమ్మిదేళ్ళు అయిందట. మొదటి రోజు నేను ఫోన్‌లో ఇంటికి మాట్లాడుతుంటే విని, చీపురు అక్కడే వదిలేసి వచ్చింది. "నువ్వు మనోళ్ళేనా అన్నా?" అంది. ఆ రోజు నుంచి శనివారం శనివారం నాకొక గ్లాసు టీ వచ్చేది. అది ఇక్కడి పాలు లేని సులేమానీ కాదు, మన పాల టీ.

జబ్బు పట్టుకోవడానికి ఎక్కువ సేపు పట్టలేదు. ఎండకు, ఇంజిను వేడికి గొట్టంలో పెట్రోలు మరిగి ఆవిరైపోతోంది. కార్బురేటర్‌కు చేరేది ఆవిరే గానీ పెట్రోలు కాదు. మా కోరుట్ల షెడ్డులో ఇలాంటిది వస్తే మా ఉస్తాద్ పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేయించేవాడు. బండి చల్లబడి మళ్ళీ కదిలేది. అసలు కారణం కూడా కనిపించింది. ఎవరో కొత్త గొట్టం వేస్తూ దాన్ని పొగ పోయే ఇనప గొట్టానికి ఆనించి బిగించారు. కార్బురేటర్ కింద ఉండాల్సిన మందపాటి అట్ట కూడా లేదు.

ఆ గొట్టం పొడవునా వరసగా పదకొండు బట్టల క్లిప్పులు పెట్టి ఉన్నాయి. తీగ మీద బట్టలు ఆరేసుకునే కట్టె క్లిప్పులు. నూనె, మసి పట్టి నల్లగా బొగ్గు ముక్కల్లా ఉన్నాయి. క్లిప్పులు పెడితే గొట్టం చల్లగా ఉంటుందని ఒక నమ్మకం ఉందని తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం ఎవరో తెలివితక్కువవాడు పెట్టిన చెత్త అనుకున్నాను.

రెండు శనివారాలు పని చేశాను. కొత్త గొట్టాన్ని వేడికి దూరంగా, చుట్టూ తిప్పి వంచి బిగించాను. ఆ అట్టకు బదులు వేడిని ఆపే బేకలైట్ పలక కోసి, రంధ్రాలు వేసి, కార్బురేటర్ కింద అమర్చాను. పాత గొట్టాన్ని, క్లిప్పులతో సహా, గేటు పక్కన చెత్త డబ్బాలో వేశాను. బాబా ఊళ్ళో లేడు. కారు స్టార్ట్ చేసి మిట్టమధ్యాహ్నం ఆ వీధుల్లోనే ముప్పావుగంట తిప్పాను. ఎక్కడా ఆగలేదు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, రూముకు వెళ్ళి ఇంటికి ఫోన్ చేసి నా భార్యకు గొట్టం సంగతంతా చెప్పాను. ఆమె ఓపికగా విని, "మరి నువ్వు బువ్వ తిన్నవా?" అని అడిగింది.

మర్నాడు పొద్దున్నే కడప చెల్లె ఫోన్ చేసింది.

"అన్నా, కారులో ఉన్న ఆ కట్టె క్లిప్పులు యాడ పెట్టినావు?"

"చెత్తడబ్బల ఏసిన. ఎందుకు చెల్లె?"

"అయ్యో, ఎంత పని చేసినావన్నా! బాబా రాత్రి ఊర్నించి వచ్చినాడు. పొద్దున లేసి బానెట్ ఎత్తి సూసినాడు, మూసినాడు, మళ్ళా ఎత్తినాడు. నన్ను పిలిసి నువ్వేమన్నా తీసినావా అని అడిగినాడు. నేను లేదంటి. అప్పట్నించీ కాఫీ గూడా తాగలా."

"గవి పనికొచ్చేటివి కాదు చెల్లె. గొట్టం మంచిగ చేసిన. ఇగ వాటితోని ఏం పని?"

"పనికొస్తాయో రావో నాకు తెల్దన్నా. ఆ క్లిప్పులు వాళ్ళన్న పెట్టినేటివంట. నేను కారు తుడిసేటప్పుడు గూడా వాటి మీద సెయ్యి పడనీడు. నువ్వు బిన్నా రా."

కఫీల్‌ను అడిగి వెళ్ళాను. చెల్లె అప్పటికే డబ్బా బోర్లించి చూసింది. లోపల ఏమీ లేదు. రోజూ తెల్లవారుజామున తనే ఆ డబ్బాను తీసుకెళ్ళి వీధి చివరి పెద్ద తొట్టిలో పోస్తుంది. ఇద్దరం అక్కడికి పరిగెత్తాం. మునిసిపాలిటీ బండి వచ్చి పోయింది. తొట్టి అడుగున తడి కాగితాలు అంటుకుని ఉన్నాయి, అంతే. అయినా నేను లోపలికి వంగి చేత్తో తడిమాను. చెల్లె ముక్కుకు పైట అడ్డం పెట్టుకుని, "ఇంగ సాల్లేన్నా, ఉంటే కనపడవా" అంది.

బాబా ముందు నిలబడ్డాను. నలభై ఏళ్ళు దాటిన మనిషిని, బల్ల ముందు నిలబడ్డ పిల్లవాడిలా అయిపోయాను. "తప్పయింది బాబా. నేనే పారేసిన. ఆమె తప్పు లేదు" అన్నాను.

ఆయన కేకలు వేయలేదు. నన్ను నీడలో కూర్చోమని, తనూ కూర్చుని చెప్పాడు. వాళ్ళన్న దహ్రాన్‌లో ఆయిలు కంపెనీలో పని చేసే రోజుల్లో, సొంత దేశానికి వెళ్ళిపోతున్న ఒక అమెరికన్ దగ్గర ఈ కారు కొన్నాడు. తాళాలతో పాటు ఆ అమెరికన్ ఒక గుప్పెడు బట్టల క్లిప్పులు చేతిలో పెట్టి, ఇవి పెడితే దారిలో ఆగదు అన్నాడు. అన్న కారు తోలుతుంటే ఈయన పక్కన కూర్చుని ఎడారి దారిన రియాద్ వచ్చాడు. అప్పుడు ఈయన ఇంకా చదువుకుంటున్నాడు. దారిలో మూడుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా అన్న దిగి, క్లిప్పులు సర్ది, "ఇప్పుడు పోతుంది" అనేవాడు. కాసేపటికి నిజంగానే పోయేది.

"మా అన్న వాటిని బాగా నమ్మాడు. నాకు నమ్మకం లేదు. లెక్కల వాణ్ణి కదా. కానీ ఆయన నాలుగేళ్ళ కిందట చూపు పోయి కారు నాకిచ్చినప్పుడు, క్లిప్పులు తీయొద్దనుకున్నాను" అన్నాడు బాబా.

షుగరు వల్ల వాళ్ళన్నకు రెండు కళ్ళూ పోయాయి. ఇప్పుడు హాయిల్ దగ్గర సొంత పొలం మీద ఉంటున్నాడు.

కాసేపటికి బాబా లేచి నమాజుకు వెళ్ళాడు. తిరిగి వచ్చాక, "చలికాలంలో కారు తీసుకుని హాయిల్ వెళ్తున్నాను. నువ్వు రావాలి. ఆయన అడుగుతాడు. ఆ సంగతి నువ్వే చెప్పాలి" అన్నాడు.

ఆ మూడు నెలలూ ప్రతి శనివారం నేను ఆ కారును ప్రయాణానికి తయారు చేశాను. రేడియేటర్ విప్పి కడిగించాను. బెల్టులు మార్చాను. స్టీరింగ్ కింద కీళ్ళన్నిటికీ గ్రీజు పట్టించాను. గ్రీజు గన్ నొక్కుతుంటే ఎండిపోయిన పాతది నల్లగా బయటికి వచ్చి, వెనకే కొత్తది తేనె రంగులో వచ్చేది. కరెంటు రవ్వ పుట్టించే పాయింట్లను సన్నటి పలకతో గీకి, మధ్య సందు సరిచేశాను. అట్ట పట్టేంత సందు చాలు. ఈ పనులేవీ పెద్ద పనులు కావు. కానీ చేస్తున్నంతసేపూ హాయిల్‌లో ఆయనకు ఏం చెప్పాలో అరబ్బీలో కూడబలుక్కుంటూనే ఉన్నాను.

ఒక శనివారం తెల్లవారగానే బయలుదేరాం. మిగతా కార్లు మమ్మల్ని దాటి దూసుకుపోతుంటే, బాబా తొంభై దాటకుండా తోలాడు. నా ఒళ్ళో పనిముట్ల సంచి, కాళ్ళ దగ్గర నీళ్ళ డబ్బాలు. బురైదా దాటాక ఇంజిను వేడి చూపే ముల్లు కొద్దిగా పైకి లేచింది. ఆపించి చూస్తే రేడియేటర్ గొట్టం పట్టీ దగ్గర నీళ్ళు చెమరుస్తున్నాయి. చల్లారనిచ్చి, పట్టీ బిగించి, నీళ్ళు పోశాను. మా పక్కనే పెట్రోలు బంకులో ఆగిన ఒక కుటుంబం పిల్లలను కారు ముందు నిలబెట్టి ఫొటో తీసుకుంది. బాబా కూడా ఆ ఫొటోలో నిలబడ్డాడు, నవ్వకుండా.

మధ్యాహ్నానికి దూరంగా హాయిల్ కొండలు ఎర్రగా కనిపించాయి. చలి ఎక్కువైంది. పెద్ద రోడ్డు దిగి మట్టి దారిలో ఒక కిలోమీటరు పోవాలి. మేం వెళ్ళేసరికి పొలం గేటు బయట ఒక ముసలాయన గొర్రెతోలు కోటు వేసుకుని, కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన ఆయన కొడుకు ఉన్నాడు. మేం రోడ్డు దిగినప్పుడే శబ్దం విని లేచి వచ్చేశాడని కొడుకు చెప్పాడు. అన్నదమ్ములిద్దరూ భుజాలు పట్టుకుని, ముక్కుకు ముక్కు తాకించి పలకరించుకున్నారు. ఇంజిను మాత్రం ఆపనివ్వలేదు పెద్దాయన.

"ఎడమ పక్క పెట్రోలు ఎక్కువ తాగుతోంది. ఎవరు సరిచేశారు?" అన్నాడు.

"ఈ ముహందిస్" అన్నాడు బాబా.

పెద్దాయన చెయ్యి చాచాడు. నేను చేతులిస్తే రెండూ తడిమి చూశాడు. గోళ్ళ పక్కన పగుళ్ళు, బొటనవేలి మీద పాత మచ్చ. బానెట్ ఎత్తమన్నాడు. ఇంజిను ఆపించి, వేడి తగలకుండా చెయ్యి కాస్త ఎత్తిపట్టి, పంపు దగ్గర మొదలుపెట్టి గొట్టం వెంట వేళ్ళు జరుపుకుంటూ వచ్చాడు. పాత దారిలో గొట్టం లేదు. ఆయన వేళ్ళు గాల్లో ఆగిపోయాయి.

నేను మూడు నెలలు కూడబలుక్కున్నదంతా మరిచిపోయాను. "క్లిప్పులు లేవు. నేను చెత్త అనుకుని పారేసిన. మాఫ్ చెయ్యాలె" అని మాత్రం అన్నాను.

ఆయన నవ్వాడు. పళ్ళు లేని నోటితో, భుజాలు కదిలేలా నవ్వాడు.

"అవి చెత్తే. మొదటిసారి ఆగినప్పుడే నాకు తెలిసింది" అన్నాడు. "ఇంజిను చల్లబడితే అదే నడిచేది. కానీ వీడు చిన్నవాడు. చుట్టూ ఇసుక, ఒక్క బండి లేదు, ముఖం పాలిపోయింది. దిగి క్లిప్పులు సర్దుతుంటే, నేనేదో చేస్తున్నానని వీడికి ధైర్యంగా ఉండేది. అందుకని ఉంచాను."

బాబా ముందు చక్రం పైన ఉండే ఫెండర్ రేకు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. "నేను నీ కోసం ఉంచాను. నువ్వు నమ్మావనుకున్నాను" అన్నాడు.

"నేనా?" అన్నాడు అన్న.

తరవాత బాబా జేబులోంచి రుమాలు తీసి, ఏదో మరక ఉన్నట్టు కారు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. కొడుకు నా వైపు చూసి, కాఫీ తెస్తానంటూ లోపలికి వెళ్ళాడు.

పెద్దాయన నన్ను స్క్రూడ్రైవర్ తీయమన్నాడు. ఇంజిను స్టార్ట్ చేశాం. కార్బురేటర్ ముందు భాగంలో చెరోవైపు ఒక స్క్రూ ఉంటుంది, పెట్రోలు, గాలి పాళ్ళు సరిచేయడానికి. నేను స్క్రూడ్రైవర్ మొన ఎడమ స్క్రూ గాడిలో పెట్టి పట్టుకున్నాను. పిడి ఆయన చేతికిచ్చాను. ఆయన తల పక్కకు వంచి, జొన్నగింజంత, జొన్నగింజంత తిప్పాడు. ఇంజిను తడబడింది, కాస్త వెనక్కి తిప్పాడు. కుదురుకుంది. తరవాత కుడివైపు. నేను రియాద్‌లో గేజి పెట్టి గంట కూర్చుని చేసిన పని ఆయన కాఫీ వచ్చేలోపు చేశాడు. పొగలో ఘాటు పోయింది. బానెట్ మీద పెట్టిన నీళ్ళ సీసా వణకడం ఆగింది.

నా ముఖం చిన్నబోయిందని ఎలా తెలిసిందో మరి, "నువ్వు చేసింది తప్పు కాదు. రియాద్‌లో అది సరిగ్గానే ఉండి ఉంటుంది. ఇది ఎత్తు ప్రాంతం, గాలి పల్చన. ఇక్కడికి వస్తే కొంచెం బిగించాలి" అన్నాడు.

భోజనానికి పెద్ద పళ్ళెంలో అన్నం, మేక మాంసం పెట్టారు. శనివారం నేను నీసు తిననని బాబా ముందే చెప్పి ఉంచాడట. నాకు వేరే పళ్ళెంలో గోధుమ జావ, పెరుగు, ఖర్జూరాలు, వేడి రొట్టె వచ్చాయి. ఆ గోధుమ వాళ్ళ చేనుదే.

తిన్నాక పెద్దాయన తమ్ముడి చెవిలో ఏదో చెప్పాడు. బాబా వద్దన్నాడు. ఆయన మళ్ళీ అడిగాడు. పొలం అవతల, ఆ ఏడాది విత్తకుండా వదిలేసిన గుండ్రటి చేను ఒకటుంది. పైపులు తిరుగుతూ నీళ్ళు చల్లే చేలు ఇక్కడ గుండ్రంగానే ఉంటాయి. నేల గట్టిపడి, గట్టుగానీ చెట్టుగానీ లేకుండా చదునుగా ఉంది. కారును దాని మధ్యకు తీసుకెళ్ళి, అన్నను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, బాబా పక్క సీట్లో కూర్చున్నాడు. నన్ను దిగమన్నారు.

పెద్దాయన క్లచ్ తొక్కి, మొదటి గేరు వేసి, మెల్లగా వదిలాడు. కారు ఒక్క కుదుపు కూడా లేకుండా కదిలింది. పెద్ద చుట్టు తిరుగుతూ పోయింది. బాబా అద్దం దించి, "కుడికి, ఇంకా కుడికి, చాలు" అంటున్నాడు. రెండో గేరు పడింది. వెనక ఎర్రదుమ్ము లేచి అక్కడే నిలిచింది. మూడో చుట్టులో బాబా మాట వినిపించడం మానేసింది. దారి చెప్పడం మానేశాడని అర్థమైంది. నేనూ, ఆయన కొడుకూ చలికి చేతులు చంకల్లో పెట్టుకుని చూస్తూ నిలబడ్డాం. "నాలుగేళ్ళ తరవాత ఇదే మొదటిసారి" అన్నాడు కొడుకు. ఎన్ని చుట్లు తిరిగారో నేను లెక్కపెట్టలేదు.

కారు ఆగాక కిందికి వంగి చూశాను. ఇంజినుకూ గేరుబాక్సుకూ మధ్య నుంచి ఆయిలు చుక్కలు కారుతున్నాయి. వెనక సీలు పోయింది. బాబాకు చెప్పాను, రియాద్ వరకూ ఫరవాలేదు గానీ, వెళ్ళాక గేరుబాక్సు దించాలని. తిరుగు దారిలో రెండుసార్లు ఆపి ఆయిలు పోశాం. ఆ సీలు మార్చడానికి నాకు నాలుగు శనివారాలు పట్టింది. బరువు మొయ్యలేక కఫీల్‌ను అడిగి షెడ్డు నుంచి ఒక సూడానీ మనిషిని తోడు తెచ్చుకున్నాను.

హాయిల్‌లో బిగించిన స్క్రూలను రియాద్ గాలికి మళ్ళీ వదులు చేయాలి కదా. అంతా బిగించి స్టార్ట్ చేసిన రోజు బాబా వాళ్ళన్నకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఫోన్‌ను ఫెండర్ మీద తుండుగుడ్డ పరిచి దాని మీద ఉంచాడు. చెల్లె టీ గ్లాసు పట్టుకుని గడపలో నిలబడింది. నేను స్క్రూ తిప్పుతుంటే హాయిల్ నుంచి గొంతు వస్తోంది.

"ఇంకొంచెం. ఇంకొంచెం. కాదు, ఎక్కువైంది. వెనక్కి."

"ఫోన్ల గూడ తెలుస్తదా బాబా?" అని నేను నెమ్మదిగా బాబాను అడిగాను.

ఆ మాట ఫోన్‌లో పెద్దాయనకు వినపడింది. "తెలుస్తుంది. నువ్వు మాట్లాడకుండా ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది" అన్నాడు.

బాబా నవ్వాడు. నేను నోరు మూసుకుని రెండో స్క్రూ పట్టుకున్నాను.